గోమార్ల మందు పేరు చెప్పని రోజు

1988 జూన్‌లో నన్ను మునగాలకు కొద్ది మైళ్ల దూరంలో ఉన్న ఒక ఊరి పశువైద్యశాలకు బదిలీ చేశారు. ఆర్డరులో నా హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. ఊళ్లో అంత పొడుగు పేరుతో ఎవరికీ పని లేదు. మొదటివారం నేను ‘పశువుల డాక్టరమ్మ’ను, రెండోవారానికి ఒట్టి డాక్టరమ్మను. నా కింద ఒక కాంపౌండరు, ఒక అటెండరు ఉండేవారు. కాంపౌండరు పేరు దేవదానం. కోదాడ మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. రూల్సు పుస్తకం ఆయనకు కంఠతా వచ్చు.

మా పరిధి రెండు రకాల నేల. కాలువ కింద వరి, బర్రెలు. కాలువ నీళ్లు ఎక్కని మెట్టమీద గుట్టలు, గడ్డి, గొర్రెల మందలు. వానలకు ముందు గొర్రెలన్నింటికీ చిటుక రోగం టీకాలు వేయాలి. తొలకరి గడ్డి ఆబగా మేసిన జీవం ఉన్నట్టుండి పడి చచ్చిపోయే జబ్బు అది. కాపరులు మందలను ఊళ్లోకి తోలుకొచ్చేదాకా ఆగితే టీకా ఆలస్యమవుతుంది. అందుకని ఐస్ డబ్బాలో సీసాలు పెట్టుకుని మేమే గడ్డి బీళ్లకు నడిచేవాళ్లం.

అక్కడ నాకు గోమార్లతో సొంత పరిచయం కలిగింది. పిడుదులనీ అంటారు. పశువును పట్టి నెత్తురు తాగే ఈ పురుగు గురించి కాలేజీలో చాలా చదివాను. ఎన్ని కాళ్లు, ఎన్ని గుడ్లు, పశువుకు ఏ జ్వరాలు తెస్తుంది, అన్నీ పరీక్షలో రాశాను. దాన్ని పట్టుకుని తిరిగే డాక్టరు తన ఒళ్లు ఎలా కాపాడుకోవాలో ఏ పాఠంలోనూ లేదు. మొదటి క్యాంపు నుంచి వచ్చాక మోకాలి వెనక మూడు, నడుము దగ్గర చీర కట్టిన చోట రెండు దొరికాయి. గోళ్లతో గిల్లి పీకాను. ఒకదాని నోరు చర్మంలోనే విరిగింది. అక్కడ పుండు పడి పది రోజులు కుంటుతూ నడిచాను.

రెండో క్యాంపులో నా కుంటి నడక చూసినామె కొమురమ్మ. అరవై దాటిన మనిషి, మనవలు కూడా గొర్రెలు కాసే ఇల్లు. ఆమె కొడుకు సైదులుకు ముప్పై ఐదేళ్లుంటాయి, దాదాపు ఎనభై జీవాల మంద. టీకాల పని కాగానే ఆమె నన్ను ఒక బండ చాటుకు పిలిచి చీర పైకి తీయమంది. పుండు చూసింది.

“గోళ్లతోని గుంజినవా? గట్ల గుంజితె మూతి లోపల్నే ఉంటది, సీము వడ్తది. సదువుకున్న దానివి గదా, గిది జెప్పలేదా నీకు?”

చెప్పలేదన్నాను. ఆమె నవ్వలేదు. “మొగ డాక్టర్లకు మేం యాడ సూపిస్తం? నడుముకాడ, సంకల కింద, తొడలల్ల వడ్తయి. ఇగ నువ్వొచ్చినవ్ గాబట్టి జెప్తున్న,” అంది. ఆ రోజు ఆమె చెప్పినవి మర్యాదకు విన్నాను. మనసులో మాత్రం, వైద్యం నాకు ఈమె నేర్పేదేమిటి అనుకున్నాను. అప్పుడు నా వయసు ఇరవై ఏడు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. గడ్డితోపాటు గోమార్లూ పెరిగాయి. ఆగస్టు చివరికి గొర్రెల చెవుల లోపల, తోకల కింద గుత్తులు గుత్తులుగా కనబడేవి. కళ్ల కింది చర్మం తెల్లబడిందంటే నెత్తురు తగ్గిందని లెక్క. అలాంటి జీవాలు రోజూ వచ్చేవి. మాకు శాఖ నుంచి వచ్చిన గోమార్ల మందు, అంటే నీళ్లలో కొలతప్రకారం కలిపి ఒంటికి పట్టించేది, పదిహేను రోజుల్లో అయిపోయింది. ఇంకా కావాలని ఇండెంటు పంపి ఎదురుచూస్తున్నాం.

అలాంటి ఒక పొద్దున సైదులు ఆస్పత్రికి వచ్చాడు. నేను ఆవరణలో ఒక బర్రె కాన్పు చేస్తున్నాను. దూడ మెడ వెనక్కి తిరిగి ఉంది. నా కుడిచెయ్యి భుజందాకా బర్రె కడుపులో ఉంది.

“డాక్టరమ్మా, జీవాలు మస్తు పరేషాన్ అయితున్నయ్. జర మందియ్యి,” అన్నాడు.

నేను తల తిప్పలేదు. “మందు అయిపోయింది సైదులూ. కోదాడలో దొరుకుతుంది. తెచ్చి నీళ్లలో కలిపి పట్టించు,” అన్నాను.

“ఏ మందమ్మా?”

“గోమార్ల మందని అడుగు, ఇస్తారు.”

అతను వెళ్లిపోయాడు. అరగంటకు దూడ ప్రాణంతో బయటపడింది. నాకు చాలా సంతోషమేసింది. సైదులు సంగతి మళ్లీ తలపుకు రాలేదు.

మరునాడు మధ్యాహ్నం రెండు గంటలప్పుడు కొమురమ్మ చెప్పుల్లేకుండా ఆస్పత్రి మెట్లెక్కింది. దూరం నుంచి పరుగెత్తి వచ్చినట్టుంది, మాట రావడం లేదు.

“నా కొడుకు నోట్లకెల్లి నురుగొస్తుంది అమ్మా. నిలవడ్తలేడు. గొర్లు గూడ వడ్తున్నయ్.”

పాము కరిచిందా అని అడిగాను. లేదంది. పొద్దున ఏం చేశాడని అడిగాను.

“నువ్వు జెప్పిన మందే గొర్లకు రుద్దిండు. మిగిలింది కాళ్లకు, నడుముకు రాస్కున్నడు. గోమార్లు వాన్ని గూడ పీక్క తింటున్నయ్ గదా.”

అత్యవసరపు పెట్టె తీసుకుని దేవదానం, నేను ఆమె వెంట వెళ్లాం. మా అటెండరును రోడ్డు మీదికి పంపి ఏదైనా బండి ఆపమన్నాను. పొలం మోటారు పక్కన తుమ్మచెట్టు కింద సైదులు కూర్చుని ఉన్నాడు. ఒళ్లంతా చెమట. నోటి నుంచి నీరు తీగలా కారుతోంది. తొడల కండరాలు వాటంతటవే ఎగురుతున్నాయి. కనురెప్ప ఎత్తి చూస్తే కంటిపాప గుండుసూది మొనంత ఉంది. పక్కన ఒక బకెట్టు, ఒక సీసా. వాసన పది అడుగుల దూరానికే కొట్టింది. సీసా తీసి చదివాను. అది పత్తి చేలకు కొట్టే పురుగుల మందు. సీసా మీద పుర్రె బొమ్మ ఉంది. అతనికి చదువు రాదు. కోదాడలో పురుగుమందుల దుకాణంలో గోమార్లను చంపే మందు కావాలని అడిగితే, పురుగులన్నీ చస్తాయని ఇచ్చారట. మూతతో కాదు, చేతి అంచనాతో బకెట్లో పోశాడు. ఒట్టి చేతులతో నలభై జీవాలకు రుద్దాడు.

ఇలాంటి విషం మింగితేనే కాదు, చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. ముందు చేయాల్సింది సూది కాదు, స్నానం. చూడి పరీక్షలకు వాడే పొడవాటి ప్లాస్టిక్ తొడుగులు పెట్టెలో ఉన్నాయి. దేవదానానికి ఒక జత ఇచ్చి నేనొక జత వేసుకున్నాను. సైదులు బట్టలన్నీ తీయించాం. కొమురమ్మ గొంగడి కప్పబోయింది.

“సలికి వణుకుతుండు, జర కప్పనియ్యి,” అని నా చెయ్యి పట్టుకుంది.

“ఆ గొంగడికి కూడా మందంటింది అవ్వా. దూరం పారెయ్యి. నీ చేతులూ కడుక్కో,” అన్నాను. మోటారు వేయించి, కాన్పుల కోసం ఉంచుకున్న సబ్బుతో తలనుంచి పాదాలదాకా మూడుసార్లు కడిగాం. గోళ్ల సందులు, నడుము మొలతాడు కింద కూడా. మొలతాడు కోసేశాను. అప్పటికి నా చుట్టూ ఐదారు గొర్రెలు కాళ్లు కొట్టుకుంటూ పడి ఉన్నాయి. వాటి వైపు చూడకుండా ఉండటం నా ఉద్యోగంలో అంతకుముందు ఎప్పుడూ చేయని పని.

అటెండరు ఆపిన లారీ కోదాడ మీదుగా విజయవాడ వెళ్తోంది. డ్రైవరు సైదులును చూసి క్యాబిన్ వెనక బల్ల ఖాళీ చేశాడు. కొమురమ్మ కొడుకు తల ఒళ్లో పెట్టుకుంది. దోవలో సగం దూరం కూడా పోలేదు, అతని ఊపిరి గురగురమనడం మొదలైంది. రొమ్ములో నీరు చేరుతున్న శబ్దం అది. పశువుల్లో నాకు బాగా తెలిసిన శబ్దం. ఆ తర్వాత ఏమవుతుందో కూడా తెలుసు. నాడి చూశాను. చాలా నెమ్మదిగా కొట్టుకుంటోంది.

పెట్టెలో అట్రోపిన్ ఆంప్యూళ్లు ఉన్నాయి. ఈ రకం విషానికి అదే విరుగుడు. పశువులకు సరఫరా చేసినా, లోపల ఉన్నది మనుషుల ఆస్పత్రిలో వాడే మందే. నేను ఒకటి తీయడం చూసి దేవదానం నా మణికట్టు పట్టుకున్నాడు.

“మేడమ్ గారూ, మనం మనిషికి సూది వేయకూడదండీ. ఏమన్నా అయితే మీ ఉద్యోగం పోద్ది. కేసు కూడా అవుద్ది. ఇంకో పావుగంటలో కోదాడ వచ్చేస్తదండి.”

ఆయన చెప్పింది పూర్తిగా నిజం. పశువైద్యుడు మనిషికి వైద్యం చేయడం చట్టానికి విరుద్ధం. కొమురమ్మకు మా మాటలు సగమే అర్థమయ్యాయి. నన్నే చూస్తూ అడిగింది: “గీనికి మందు ఉన్నదా నీ తాన?”

ఉందన్నాను.

“మరి ఎందుకు సూస్తున్నవ్?”

ఒక పెద్ద గొర్రెకు ఎంత ఇస్తానో నాకు తెలుసు. మనిషికి ఎంతో పాఠంగా తెలియదు. కంటిపాప, నాడి, నోటి తడి, ఈ మూడూ చూస్తూ ఇవ్వాలని మాత్రం తెలుసు. మొదట రెండు ఆంప్యూళ్లు కండకు ఇచ్చాను. గడియారం చూసి, సమయం నా అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాను. కొన్ని నిమిషాల తర్వాత ఇంకో రెండు. చిలుకూరు అడ్డరోడ్డు దాటేసరికి గురగుర కొంచెం తగ్గింది. బతుకుతాడని అప్పుడు కూడా అనుకోలేదు. ఆస్పత్రి దాకా ఊపిరి ఉంటుందని మాత్రం అనుకున్నాను.

కోదాడ దవాఖానలో డ్యూటీ డాక్టరు నడివయసు మనిషి. సీసా ఆయన చేతిలో పెట్టి, నేనెవరో, ఏమిచ్చానో, ఎన్ని గంటలకిచ్చానో వరసగా చెప్పి అరచెయ్యి చూపించాను. ఆయన అంకెలను కేసు షీటులో ఎక్కించుకుని, “తక్కువే ఇచ్చారు. ఇక మేం చూసుకుంటాం,” అన్నారు. మంచం పక్కన నిలబడి ఆయన గంటన్నరపాటు సూదులు ఇస్తూనే ఉన్నారు. సాయంత్రానికి సైదులు కంటిపాప పెద్దదైంది. నోరు ఎండిపోయి నీళ్లడిగాడు. ఆ మాట విని కొమురమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. అప్పటిదాకా ఆమె కూర్చోలేదని నేను గమనించలేదు.

దేవదానం లారీ దిగగానే తిరుగు బస్సులో వెళ్లి మిగిలిన అట్రోపిన్‌తో గొర్రెలను చూసుకున్నాడు. జీవాలను కడిగించి సూదులు వేశాడు. పదకొండు చచ్చిపోయాయి, మిగతావి దక్కాయి. రూల్సు పట్టుకుని నన్ను ఆపబోయిన మనిషి, ఆ మధ్యాహ్నం మళ్లీ ఆ మాట ఎత్తకుండా ఒంటరిగా చేసిన పని అది.

పది రోజులకు పై కార్యాలయం నుంచి మెమో వచ్చింది. మెమో అంటే సంజాయిషీ అడిగే కాగితం. పశువుల కోసం కేటాయించిన మందును మనిషికి వాడటం, అర్హత లేని వైద్యం చేయడం, ఈ రెండింటికీ వారంలో జవాబు రాయాలి. రెండు పేజీలు రాశాను. చేసింది చేసినట్టు, కోదాడ డాక్టరుగారి కేసు షీటు నకలు జతచేసి. చివర మెమో అడగని ఒక పేరా రాశాను: ముందురోజు సైదులు ఏ మందని అడిగినప్పుడు పేరు చెప్పలేదు, కాగితం రాసివ్వలేదు, ఇందులో మొదటి పొరపాటు నాది.

సూర్యాపేటలో మా అధికారి నన్ను పిలిపించారు. కాగితం బల్లమీద పెట్టి, “అడగని దానికి ఎందుకు రాశావమ్మా? సూదికి సమాధానం ఉంది, దీనికి లేదు,” అన్నారు. ఆ పేరా తీసేసి మళ్లీ రాసి ఇవ్వమని సలహా ఇచ్చారు. తీయనన్నాను. అది ధైర్యం కాదు. నేను తీసేసినా అతను అడిగిన ఆ రెండు మాటలు నా చెవిలో అలాగే ఉంటాయని తెలుసు, అంతే. చివరికి లిఖితపూర్వక హెచ్చరికతో ఫైలు మూసేశారు.

సైదులు చేతుల వణుకు పోవడానికి నెలకు పైగా పట్టింది. కొనుక్కొచ్చినదైనా, మేమిచ్చినదైనా, ఇంక ఏ మందునూ ముట్టనన్నాడు. కానీ గడ్డి బీడుకు పోక తప్పదు, గోమార్లు పట్టక తప్పదు. నేను కొమురమ్మ దగ్గరకు వెళ్లి, ఆ రోజు బండ చాటున చెప్పినవన్నీ మళ్లీ చెప్పమన్నాను. ఈసారి నోటుబుక్కు పట్టుకెళ్లాను. ఆమె మంచంలో కూర్చుని నా చేతి పుస్తకం చూసి, “గప్పుడు ఇన్నట్టె తలూపినవ్,” అంది. అవునన్నాను.

ఆమె చెప్పినవన్నీ రెండు వానాకాలాలు నా ఒంటి మీదే పరీక్షించాను. వాటిలో ఎక్కువ భాగానికి ఖర్చు లేదు. గోమారి ఎగరదు, దూకదు, చెట్టుమీదినుంచి రాలి పడదు. నువ్వుగింజలో సగం ఉన్న పిల్ల పురుగు గడ్డిపోచ కొసకు ఎక్కి, ముందు కాళ్లు చాచి, ఏది రాసుకుంటూ పోతే దాన్ని పట్టుకుంటుంది. కాబట్టి బాట మధ్యలో నడవాలి, అంచు గడ్డికి తగలకూడదు. మంద పడుకుని లేచిన చోట కూర్చోకూడదు. కొమురమ్మ ఎప్పుడూ ఎండ తగిలే ఒట్టి బండ మీదే కూర్చునేది. అది ఆమె అలవాటనుకున్నాను, కాదు, లెక్క.

నేను క్యాంపులకు చీర మానేశాను. మా ఆయన పాత లేతరంగు ప్యాంట్లు వేసుకుని, కాళ్ల కొసలు మేజోళ్లలోకి దోపి, పైన పొడుగు చేతుల చొక్కా తొడిగేదాన్ని. లేతరంగు మీద పురుగు పాకితే కనబడుతుంది. మొదటిరోజు ఊరంతా చూసింది. సర్పంచి గారు దేవదానాన్ని పక్కకు పిలిచి అడిగారట, మేడమ్‌కు ఏమన్నా అయిందా అని. నాలుగో క్యాంపుకు ఎవరూ చూడలేదు.

వేపనూనె, కానుగనూనె కొబ్బరినూనెలో కలిపి కాళ్లకు, నడుముకు రాసుకుంటే కొంత పని చేసింది. ఆ వాసన ఉన్నంతసేపే. చెమట పట్టి రెండు గంటలయ్యాక రాసుకోనట్టే. మళ్లీ రాయాలి. దాన్నే నమ్ముకుని గడ్డిలో కూర్చున్న రోజున నాకు నాలుగు దొరికాయి. వావిలాకు పొగ దోమలకేమో గాని, గోమార్లకు పనిచేసినట్టు నాకు కనబడలేదు. ఆ మాట చెబితే కొమురమ్మ ఒప్పుకోలేదు, నేను వాదించలేదు. సీతాఫలం గింజల పొడి మాత్రం వద్దని గట్టిగా చెప్పాను. అది కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

అన్నిటికంటే బాగా పనిచేసింది ఇంటికి రాగానే చూసుకోవడం. వేసుకున్న బట్టలు విప్పి కాగే నీళ్లలో వేయడం, లేదా ఎర్రటి ఎండలో బండ మీద పరచడం. స్నానం చేస్తూ మోకాళ్ల వెనక, గజ్జలు, నడుము, చంకలు, చెవుల వెనక, జుట్టు మొదళ్లు వేళ్లతో తడిమి చూసుకోవడం. పట్టినది దొరికితే ముల్లు తీసే చిమటాతో చర్మానికి ఆనించి పట్టి, మెలి తిప్పకుండా, నింపాదిగా పైకి లాగడం. కిరసనాయిలు పోయకూడదు, బీడీతో కాల్చకూడదు. అలా చేస్తే అది పోతూ పోతూ కడుపులోని రసం మన ఒంట్లోకి కక్కుతుంది. తర్వాత సబ్బుతో కడగాలి. ఆ పై రెండు వారాల్లో జ్వరమో, ఒంటి మీద దద్దుర్లో వస్తే దవాఖానకు పోయి, గోమారి పట్టిందన్న మాట డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

గొర్రెలకు మాత్రం మందు పూర్తిగా మానిపించలేదు. ఎండాకాలం దొడ్డి చోటు మార్పించాం, గోడల పగుళ్లు మట్టితో మెత్తించాం. మందు వాడాల్సివచ్చినప్పుడు మా ఆస్పత్రి ముందే, మేము కొలిచి కలిపి, తొడుగులు వేయించి పట్టించేవాళ్లం. సైదులు రెండో ఏడు వచ్చాడు. దూరంగా నిలబడి, దేవదానం కొలత గ్లాసు చూపిస్తే చూసి, అప్పుడు జీవాలను తోలాడు.

తర్వాత 1994లో నేను మిర్యాలగూడ వైపు వెళ్లాను. వేములపల్లి పక్కన వరి పొలాలు, బర్రెలే ఎక్కువ, గొర్రెలు తక్కువ. అక్కడ కూడా వానాకాలానికి ముందు గట్ల మీద గడ్డి కోసే ఆడవాళ్లను కూర్చోబెట్టి ఈ సంగతులు చెప్పేదాన్ని. మగవాళ్లను బయటికి పంపి చెప్పేదాన్ని, లేకపోతే నడుము దగ్గర పట్టే పురుగు గురించి ఎవరూ నోరు విప్పరు. చెప్పడం అయ్యాక, ‘ఇప్పుడు మీరు నాకు చెప్పండి’ అనేదాన్ని. మొదట్లో సగం తప్పు వచ్చేది. తప్పు వాళ్లది కాదు, నేను చెప్పిన తీరుది.

ఈ ఉదంతం నాకు నేర్పినవి రెండు. ఆరుబయట తిరిగే మనిషికి గోమార్ల నుంచి మొదటి రక్షణ బట్ట, రెండోది కన్ను. నూనె ఆ తర్వాతే, పురుగుల మందు ఎన్నటికీ కాదు. రెండో పాఠం నా వృత్తికి సంబంధించింది. మన భాషలో రోగం తగ్గించేదీ మందే, చేను పురుగును చంపేదీ మందే. పేరు, కొలత, దేనికి వాడకూడదో చెప్పకుండా ‘మందు’ అని వదిలేసిన డాక్టరు వైద్యం చేయనట్టే. పేరు చెప్పడానికి బర్రె కడుపులోంచి చెయ్యి తీయాల్సిన అవసరం కూడా లేదు, తల తిప్పితే చాలు.